బందూకు లేనివాళ్లతో సులహ్ ఎందుకు చాచా?

మొన్న వత్సవాయిలో జుమా నమాజు తర్వాత గాజాలో జంగ్‌బందీ కోసం దువా చేశాం. ఆమీన్ గట్టిగానే అన్నాం. బయట చెప్పులేసుకుంటూ నేను బస్తర్ మాటెత్తితే ఒక చాచా కసిరాడు: "బందూకు పట్టినోళ్లతో బాత్‌చీత్ ఏంటి బేటా?"

చాచా, బందూకు లేనివాళ్లతో సులహ్ ఎందుకు? కొట్టుకునేవాళ్ల మధ్యే కదా సులహ్!

మనం ఒకసారి చేసి చూశాం. 2004 అక్టోబర్ 15 నుంచి 18 దాకా హైదరాబాద్‌లో ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. ఒకవైపు హోంమంత్రి జానారెడ్డి. ఇంకోవైపు మావోయిస్టుల రామకృష్ణ, జనశక్తి నుంచి అమర్, రియాజ్. మధ్యలో ఎస్.ఆర్. శంకరన్ లాంటి పెద్దలు. భూమి మాట వచ్చింది, బందూకు మాట వచ్చింది. ఊళ్లలోకి ఆయుధాలతో రావద్దని సర్కార్, వదలం అని వాళ్లు. అక్కడే ఆగింది. రెండో విడత జరగనే లేదు.

2005 జనవరిలో ఎన్‌కౌంటర్లు చూపి మావోయిస్టులు తప్పుకున్నారు. జూలైలో రియాజ్‌నే చంపేశారు. పోలీసులు ఎన్‌కౌంటర్ అన్నారు, హక్కుల సంఘాలు బూటకం అన్నాయి. ఆగస్టు 15న మావోయిస్టులు ఎమ్మెల్యే నర్సిరెడ్డిని, ఆయన కొడుకును, ఇంకా కొందరిని కాల్చేశారు. అదీ జుల్మే. రెండు రోజులకే నిషేధం తిరిగొచ్చింది.

చాచా లాంటివాళ్లు దీన్ని చూపించే "బాత్‌చీత్ బేకార్" అంటారు. నేను ఒప్పుకోను. ఓడింది బాత్‌చీత్ కాదు. మాట ఎవరు తప్పారో తేల్చే ఇఖ్తియార్ ఉన్న మూడో మనిషి లేడు. ఎవరి లాషులు వాళ్లు లెక్కపెట్టుకున్నారు.

2025లోనూ అదే కథ. చర్చలకు సిద్ధమని మావోయిస్టులు ఉత్తరాలు రాస్తే, ముందు ఆయుధాలు దించమంది కేంద్రం. చివర రావాల్సిన దాన్ని మొదటి షర్తు చేస్తే అది సులహ్ కాదు, లొంగుబాటు.

హుదైబియా మన పిల్లలకు మదర్సాలో చెప్తాం కదా. ఎదుటివాళ్లు ఒప్పుకోలేదని హుజూర్ (స) సులహ్‌నామా మీద "రసూలుల్లాహ్" అన్న మాటే తీయించారు. సహాబాలకు గుండె మండింది. అయినా పదేళ్ల జంగ్‌బందీకి ఒప్పుకున్నారు. అది కమ్‌జోరీయా చాచా?

ఖమ్మం, భద్రాచలం దాటితే బస్తరే. అక్కడ పోయే ఆదివాసీకీ ఒక అమ్మీ ఉంది, జవానుకీ ఉంది. వచ్చే జుమా దువాలో గాజా పక్కన బస్తర్ పేరు కూడా చేర్చండి. ఆమీన్ అంతే గట్టిగా అనండి.