శ్రోత నడుగని మార్పు

పూర్వపు రేడియోపెట్టెల అద్దముపై ఊళ్ల పేర్లు వరుసగా అచ్చువేయబడి యుండెడివి. ముల్లును త్రిప్పి ఒక పేరుకడ నిలిపినంతనే ఆ యూరి గొంతు మన యింట వినబడెడిది. అద్దముపై అచ్చయిన పేరు అట్లే యుండును. కేంద్రము మాత్రము దశాబ్దముల వెంబడి పేరు మార్చుకొనును, పాట మార్చుకొనును. ఈ మార్పులలో శ్రోతకు పాలు కలదా? ఇది ఉపాధ్యాయులును విద్యార్థులును ఆలోచింపదగిన ప్రశ్న.

ప్రతి ప్రసారకేంద్రమునకును గుర్తింపు అక్షరములు కొన్ని యుండును. అంతర్జాతీయ ఒప్పందమును బట్టి ఏ దేశమున కా దేశమునకు తొలి అక్షరములు ఏర్పడినవి. మన కేంద్రములకు వి.యు. అనునవి తొలి అక్షరములు. అమెరికాలో మిస్సిసిపీ నదికి తూర్పున డబ్ల్యు, పడమట కె అనునవి సామాన్యముగా మొదట నిలుచును. 1920 నవంబరు 2న అధ్యక్షుని ఎన్నిక ఫలితములను వినిపించిన పిట్స్‌బర్గు కేంద్రము కె.డి.కె.ఎ. తూర్పుననున్నను కె తోనే ప్రసిద్ధి కెక్కినది.

ఈ అక్షరములు స్థిరములు కావు. న్యూయార్కులోని డబ్ల్యు.జె.జడ్. కేంద్రము 1953లో డబ్ల్యు.ఎ.బి.సి. అయినది. చిత్రమేమన, 1946 వరకు ఆ అక్షరములే అదే నగరమున వేరొక సంస్థవారి కేంద్రమునకు చెల్లినవి. ఆ కేంద్రము పిదప డబ్ల్యు.సి.బి.ఎస్. అను పేరు దాల్చినది. 1960 మొదలు యువజనుల పాటలతో మారుమ్రోగిన డబ్ల్యు.ఎ.బి.సి., శ్రోతలు ఎఫ్.ఎం. ధ్వనికి మరలుటచే, 1982 మే 10న పాట మాని సంభాషణలకు దిగినది. 1967 నుండి వార్తలు చెప్పిన డబ్ల్యు.సి.బి.ఎస్. 2024 ఆగస్టులో వార్తలను విడిచి, పేరు మార్చుకొని, క్రీడలకు అంకితమైనది.

ఇవి యాజమాన్యముల నిర్ణయములు. శ్రోతలు ఊరకుండని సందర్భము ఒకటి కలదు. అదే నగరమున పాశ్చాత్య శాస్త్రీయ సంగీతమునకు నిలయమైన డబ్ల్యు.ఎన్.సి.ఎన్. 1974లో పేరును మార్చి రాక్ సంగీతమును చేపట్టినది. శ్రోతలు సంఘముగా ఏర్పడి పోరాడిరి. 1975లో పాత పేరు, పాత సంగీతము తిరిగి వచ్చినవి. అయినను, ప్రసారముల తీరును విపణికే విడుచుట ప్రభుత్వ సంఘమునకు చెల్లునని 1981లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1993లో ఆ కేంద్రము మరల రాక్ సంగీతమునకు మారినది. ఈసారి పాత సంగీతము తిరిగి రాలేదు.

ధనము వెచ్చించువాడు ఏది వినిపించవలెనో తానే నిర్ణయించుకొనుట న్యాయమని కొందరందురు. ఆ వాదమున సత్యము లేకపోలేదు. మారని కేంద్రమునకు కాలక్రమమున శ్రోతలే కరవగుదురు. కాని అంగడి వంటిది కాదు ఆకాశము. ఒక తరంగమును ఒకరు పట్టిన నదే తావున మరియొకరికి చోటుండదు. వాయుతరంగములు ప్రజల సొత్తని మన సుప్రీంకోర్టు 1995లో స్పష్టపరచినది. ప్రజల సొత్తును వాడుకొనువారు మార్పునకు ముందు ప్రజలను అడుగుట మర్యాద మాత్రమే కాదు, విధి యని మా అభిప్రాయము.

మన యింటి చరిత్రయు ఇట్టిదే. నిజాం ప్రభుత్వము నడపిన దక్కన్ రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియో హైదరాబాదు కేంద్రమైనది. 1936లో వచ్చిన ఆలిండియా రేడియో అను పేరును విడిచి, ఆంగ్ల ప్రసారములలోను ఆకాశవాణి అనియే పలుకవలెనని 2023లో ఆదేశము వెలువడినది. పేరు మారినంత మాత్రమున నష్టము లేదు. ఆ పేరుతో ఎవరి కొరకు ఏమి వినిపించిరో మరచిపోవుటయే నష్టము.

కావున ఉపాధ్యాయులకు మా విన్నపమొకటి. మీ విద్యార్థులచే తాతయ్యలను, అమ్మమ్మలను అడిగింపుడు: ఏ కేంద్రము వింటిరి, అప్పుడు దాని పేరేమి, ఏ వేళకు ఏ కార్యక్రమము వచ్చెడిది? దానిని సంవత్సరముతో సహా వ్రాయింపుడు. తమకు నచ్చిన కార్యక్రమము ఆగినపుడు కేంద్రమునకు ఉత్తరము వ్రాయుటయు నేర్పుడు. ఎవరును అడుగనిచో, ఎవరును వినుటలేదని కేంద్రమువారు తలచుటలో ఆశ్చర్యమేమి?