ఉద్యోగం పోతే పాపను డే కేర్ మాన్పించాలా? విశాఖలో ముందు చూసుకోవాల్సిన దారులివీ

గాజువాకలో అద్దెకుంటున్న ఓ కుటుంబాన్ని ఊహించుకోండి. భర్తది స్టీల్‌ప్లాంట్‌లో కాంట్రాక్టు పని. భార్య ఓ ప్రైవేటు ఆసుపత్రిలో బిల్లింగ్ కౌంటర్ చూస్తారు. రెండేళ్ల పాప డే కేర్‌కు వెళ్తోంది. ఒక నెలాఖరున భర్తను పనిలోంచి తీసేశారు. ఆ రాత్రి ఇంట్లో వచ్చే మొదటి మాట ఇదే: ‘‘నేను ఖాళీయే కదా, పాపను మాన్పించేద్దాం.’’

ఇది ఉత్త ఊహ కాదు. స్టీల్‌ప్లాంట్‌లో పెట్టుబడుల ఉపసంహరణకు కేంద్రం 2021 జనవరి 27న సూత్రప్రాయంగా అంగీకరించింది. 2025 జనవరిలో రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. అయినా అదే ఏడాది కాంట్రాక్టు కార్మికుల తొలగింపుపై సమ్మె జరిగింది. ఇలాంటి ఇళ్లలో డే కేర్ ఫీజు పెద్ద ప్రశ్నే. మరి మాన్పించడమే దారా?

మాన్పిస్తే నిజంగా మిగులుతుందా?

మొదటి నెలలో మిగులుతుంది. ఆ తర్వాత లెక్క మారుతుంది. కొత్త పని కోసం ఆటోనగర్, పరవాడ, అచ్యుతాపురం తిరగాలి. ఎవరైనా ‘రేపే వచ్చి చేరండి’ అంటే పాపను ఎక్కడ ఉంచుతారు? డే కేర్‌లో సీటు పోయి ఉంటే భార్య సెలవు పెట్టాలి. అది పొడిగితే ఉన్న ఒక్క జీతానికీ ముప్పే.

అందుకే నేరుగా మాన్పించకుండా ముందు నిర్వాహకులతో మాట్లాడండి. పూట బడి, వారంలో మూడు రోజులు, రెండు మూడు నెలలు సీటు ఆపి ఉంచడం.. వీటిలో ఏది కుదురుతుందో అడగండి. డిపాజిట్ కట్టి ఉంటే దాన్ని ఫీజులో సర్దుబాటు చేయమనండి. ఒప్పుకున్నది వాట్సాప్‌లోనైనా రాయించుకోండి.

అంగన్‌వాడీ ఉంది కదా?

పాపకు మూడేళ్లు నిండితే మంచి దారే. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు అక్కడ పూర్వ ప్రాథమిక విద్య, భోజనం ఉచితం. మూడేళ్లలోపు పిల్లలకు మాత్రం బాలామృతం లాంటి పోషకాహారం ఇంటికిస్తారు. మామూలు అంగన్‌వాడీలో వారిని రోజంతా ఉంచుకోరు. ‘తల్లికి వందనం’ కూడా ఒకటో తరగతి నుంచే. అంటే ఫీజు భారం ఎక్కువగా ఉండే వయసుకే సాయం తక్కువ.

‘పాల్నా’ అంటే ఏమిటి?

ఆ లోటును పూడ్చడానికి ఉద్దేశించిందే ఈ పథకం. పాత జాతీయ క్రెచ్ పథకాన్ని మార్చి, కేంద్రం 2022 నుంచి ‘మిషన్ శక్తి’లో భాగంగా దీన్ని అమలు చేస్తోంది. ఆరు నెలల నుంచి ఆరేళ్ల లోపు పిల్లలను చూసుకుంటారు. తల్లి ఉద్యోగం చేస్తున్నా, చేయకపోయినా చేర్చవచ్చు. దేశమంతటా 17,000 అంగన్‌వాడీ కమ్ క్రెచ్‌లు పెట్టాలన్నది లక్ష్యం.

అయితే ప్రతి వార్డులోనూ ఇవి లేవు. మీకు దగ్గరలో ఉందో లేదో ఐసీడీఎస్ ప్రాజెక్టులోని సీడీపీఓ కార్యాలయంలో అడగండి. ఉంటే పనివేళలు కూడా చూసుకోండి. ప్లాంట్‌లో ‘బీ’ షిఫ్టు చేసేవారికి సాయంత్రం మూసేసే కేంద్రం ఒక్కటే చాలదు.

భార్య పనిచేసే చోట హక్కు ఉందా?

చాలామంది గమనించని విషయం ఇదే. ఉద్యోగం పోయింది భర్తకు. భార్య పనిచేసే సంస్థలో 50 మంది లేదా అంతకంటే ఎక్కువ ఉద్యోగులుంటే క్రెచ్ సదుపాయం కల్పించాలని చట్టం చెబుతోంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టానికి చేసిన సవరణతో ఈ నిబంధన వచ్చింది. సామాజిక భద్రత కోడ్‌లోనూ ఉంది. 50 మంది లెక్కలో మగవారూ వస్తారు. రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకునేందుకు తల్లిని అనుమతించాలి. ఆసుపత్రికైనా, అచ్యుతాపురంలోని గార్మెంట్ యూనిట్‌కైనా ఇది వర్తిస్తుంది. హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టి అడగండి. ఒక్కరే అడగడం కంటే నలుగురైదుగురు తల్లులు కలిసి అడిగితే జవాబు త్వరగా వస్తుంది.

ఫీజుకు డబ్బు ఎక్కడి నుంచి?

జీతంలో ఈఎస్‌ఐ కోత ఉండేదా? పాత పే స్లిప్ చూడండి. ‘అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన’ కింద సగటు రోజు వేతనంలో సగం చొప్పున గరిష్ఠంగా 90 రోజులకు ఇస్తారు. జీవితంలో ఒక్కసారే. రెండేళ్లుగా నెలకు రూ.18,000 జీతం ఉన్నవారికి మొత్తం రూ.26,600 దాకా వస్తుంది. డే కేర్ ఫీజు నెలకు రూ.5,000 అనుకుంటే అయిదు నెలలకు సరిపోతుంది.

ఉద్యోగం పోయిన 30 రోజుల తర్వాత దరఖాస్తు చేసుకోవాలి. కాంట్రాక్టరు చందా నిజంగా జమ చేశారో లేదో ఈఎస్‌ఐసీ పోర్టల్‌లో ముందే చూసుకోండి. ఈ పథకం గడువును పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి తాజా పరిస్థితిని బ్రాంచి ఆఫీసులో కనుక్కోండి. క్రమశిక్షణ చర్య కింద తొలగించినవారికి, స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నవారికి ఇది వర్తించదు.

పీఎఫ్ నుంచి 75 శాతం వరకు తీసుకునే వీలుంది. కానీ అది వృద్ధాప్యానికి దాచుకున్న సొమ్ము. ఈఎస్‌ఐ దారి చూశాకే అటు వెళ్లడం మేలు.

ఈ వారం చేయాల్సినవి

- డే కేర్‌తో తగ్గింపు, సీటు గురించి మాట్లాడటం
- సీడీపీఓ కార్యాలయంలో ‘పాల్నా’ కేంద్రం వివరాలు అడగడం
- భార్య పనిచేసే సంస్థకు క్రెచ్ కోసం మెయిల్ పెట్టడం
- ఈఎస్‌ఐ చందా వివరాలు డౌన్‌లోడ్ చేసుకోవడం

మీ ప్రాంతంలో ‘పాల్నా’ కేంద్రమే లేకపోతే, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. రసీదు తీసుకోండి. ఇక్కడ ఇంతమంది పిల్లలకు క్రెచ్ అవసరమని రాతపూర్వకంగా చేరితేనే అధికారుల లెక్కలోకి వస్తుంది.