మంద దగ్గర మనిషికి కూడా కబురు చేరాలి

ఊళ్లో ఖరీఫ్ అంటే పంట. ఇక్కడ ఒమన్‌లో, సలాలా కొండల్లో ఖరీఫ్ అంటే వానాకాలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పొగమంచు, సన్న జల్లు. బురదలో ఒంటెల కాళ్లు జారతాయని, ఈగలు పీక్కుతింటాయని జబాలీ వాళ్లు వాటిని ముందే మైదానానికి దింపేస్తారు. తాతల నాటి లెక్క అది.

ఆ లెక్కకు తుఫాన్లు అందట్లేదు. 2018లో మెకును మే నెలలోనే సలాలా మీద పడింది. అదే ఏడు అక్టోబరులో లుబాన్ పక్కనే యెమెన్ తీరాన్ని కొట్టింది. అరేబియా సముద్రం వేడెక్కుతోంది కాబట్టి ఇలాంటివి ఇంకా వస్తాయి.

మరి మందల దగ్గర ఉండేదెవరు? చాలాచోట్ల మనలాంటి వలస కాపరులమే. కబురు అరబ్బీలోనో ఇంగ్లీషులోనో వస్తే మనకు అర్థమయ్యేలోపు వాగు పొంగుతుంది. పైగా మందను వదిలి రమ్మంటే కాపరి రాడు. పోయిన మేక తన జీతంలో కోతవుతుందేమోనని భయం. మూగజీవాన్ని వదలడానికి మనసూ ఒప్పదు.

అందుకే మేం అడిగేది రెండే. హెచ్చరిక తెలుగు, బెంగాలీ, ఉర్దూల్లో కూడా ఫోనుకు రావాలి. కాపరికి చూపించే చోటులో మందకూ జాగా ఉండాలి. కాపరి బతికితేనే మంద బతుకుతుంది. ఏమంటారన్నా?