ఆ ట్యూబు ఎవరిచ్చారు?



కాళ్ల మీది వెంట్రుకలు తీసుకున్న తరువాత చర్మాన్ని ఎలా కాపాడుకోవాలన్న విషయం మీద, డెబ్బై దాటిన వైద్యుడొకడు వ్యాసం రాయడం మీలో కొందరికి నవ్వు తెప్పించవచ్చు. "ఇదీ ఒక ఆరోగ్య సమస్యేనా డాక్టరు గారూ?" అని అడిగేవారు కూడా ఉంటారు. సమస్యే. దీనిని సమస్య కాదని మనం కొట్టివేయడం వల్లనే ఇది ఇంత పెద్దదైనదని నా వాదన.

కొంతకాలం క్రితం మా బేతంచెర్లలోనే డిగ్రీ చదివే ఒక అమ్మాయిని ఆమె తల్లి నా దగ్గరకు తీసుకువచ్చింది. మోకాళ్ల కింద చర్మం సిగరెట్ కాగితంలా పలచబడింది. తొడల లోపలి వైపు ఎర్రని చారలు, వాటి మధ్య అంచులు చెదిరిన తామర. "ఏం పూశావమ్మా?" అని అడిగాను. "పేరు తెలీదు సార్, మందుల షాపులో ఇచ్చినారు. రెండు రోజుల్లో తగ్గిపోయింది, మళ్లీ వచ్చింది, మళ్లీ పూసినా" అన్నది. అలా ఎనిమిది నెలలు. మొదలు ఏమిటో తెలుసా? రేజరుతో కాళ్లు గీసుకున్న మరునాడు లేచిన నాలుగు ఎర్రని పొక్కులు!

ఆ పొక్కులు ఎందుకు వస్తాయో ముందు తెలుసుకోవాలి. రేజరు వెంట్రుకను మాత్రమే కోయదు, చర్మం పైపొరను కూడా గీకుతుంది. కంటికి కనబడని గాట్ల గుండా, వెంట్రుకల కుదుళ్ల గుండా, మన చర్మం మీదనే కాపురముండే స్టాఫిలోకాకస్ వంటి సూక్ష్మజీవులు లోపలికి పోతాయి. కొన్నిచోట్ల తెగిన వెంట్రుక కొస వంగి చర్మంలోకే గుచ్చుకుంటుంది. పైగా మోకాలి కింద ముందు భాగంలో నూనె గ్రంథులు తక్కువ, ఒంటి మీద త్వరగా ఎండిపోయే చోటు అది. మాది నాపరాతి నేల. బోరు నీళ్లలో సున్నం పాలు ఎక్కువ. సబ్బు నురగ రాదు, కడిగినా సబ్బు తెట్టు చర్మం మీదనే నిలుస్తుంది. ఎండాకాలపు చెమట, రాళ్ల పాలిష్ ఫ్యాక్టరీల దుమ్ము దానికి తోడు. ఇన్ని ఉన్నచోట పొక్కులు లేవడం వింత కాదు. వాటిలో ఎక్కువ భాగం ఏ మందూ లేకుండా వారం పది రోజుల్లో మానిపోతాయన్నది మాత్రం ఎవరూ చెప్పరు.

చెప్పకుండా ట్యూబు చేతిలో పెడతారు. అందులో స్టెరాయిడ్, యాంటీబయోటిక్, తామర మందు మూడూ కలిసి ఉంటాయి. స్టెరాయిడ్ చేసే పని ఒక్కటే: చర్మపు వాపును, ఎర్రదనాన్ని, దురదను అణచివేయడం. కనుక రెండు రోజుల్లో గుణం కనబడుతుంది. ఆ మందు ఇంటి కావలి కుక్క నోరు కట్టివేసిందేగాని దొంగను పట్టలేదు. నోరు కట్టిన ఇంట్లో తామర నిశ్శబ్దంగా వ్యాపిస్తుంది, చర్మం పలచబడుతుంది, చారలు పడతాయి. ఆ చారలు ఎరుపు తగ్గి తెల్లబడతాయేగాని పూర్తిగా పోవు.

దీనికి చట్టం లేదా? ఉంది. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను, డాక్టరు చీటీ ఉంటేనే అమ్మవలసిన షెడ్యూల్ హెచ్ కిందకు తెచ్చింది. అదే సంవత్సరం సెప్టెంబరులో 328 మిశ్రమ ఔషధాలను నిషేధించింది. వాటిలో ఇటువంటి చర్మపు పూతమందులు కూడా ఉన్నాయి. అయినా చీటీ అడిగే షాపు మీకెక్కడైనా కనబడిందా? చర్మవైద్యుని కోసం కర్నూలు పోవాలంటే కూలి మనిషికి ఒక రోజు కూలి పోతుంది, షాపు వీధి చివరనే ఉంటుంది. పేదరికాన్ని నేను తప్పుపట్టను. తెలిసి కూడా చీటీ లేకుండా అమ్మేవాడిని తప్పుపడతాను.

అయితే వేలు వాళ్లవైపు మాత్రమే చూపితే అది నిజాయితీ కాదు. నేను సర్వీసులో ఉన్న రోజుల్లో ఆపరేషనుకు ముందునాటి సాయంత్రమే రోగికి రేజరుతో నున్నగా గీయించమని ఎన్నోసార్లు ఆదేశించాను. అదే శుభ్రత అనుకునేవాళ్లం. ఆ గాట్లలో రాత్రంతా సూక్ష్మజీవులు పెరుగుతాయని, గీయడం వల్ల పుండు చీముపట్టే అవకాశం పెరుగుతుందని తరువాత తేలింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, శస్త్రచికిత్సకు ముందు వెంట్రుకలు తీయకపోవడమే మేలని, తప్పనిసరైతే క్లిప్పరుతో కత్తిరించాలే తప్ప రేజరు వాడరాదని గట్టిగా చెప్పింది. వైద్యుడే నేర్చుకోవడానికి ఇంతకాలం పట్టిన విషయాన్ని, పద్దెనిమిదేళ్ల పిల్లకు తెలియలేదని నిందించే హక్కు మనకెక్కడిది?

ఇక పెద్దలతో ఒక మాట. "మా కాలంలో ఈ వేషాలు లేవు" అని కోప్పడతారు. ఆడవాళ్ల కోసమని ప్రత్యేకంగా రేజరు తయారుచేసి జిల్లెట్ కంపెనీ అమెరికాలో అమ్మకం మొదలుపెట్టింది 1915లో. అది వ్యాపారం పుట్టించిన అవసరమేనని నేనూ ఒప్పుకుంటాను. కాళ్ల మీద వెంట్రుకలుండటం జబ్బు కాదు, తీయకపోతే వచ్చే నష్టమూ లేదు. కానీ మీ తిట్ల ఫలితమేమిటో చూడండి. పిల్ల మానుకోదు. స్నానాలగదిలో, తలుపు గడియ వేసుకొని, నాన్న వాడి పారేసిన బ్లేడుతో, పొడి చర్మం మీద, ఆదరాబాదరాగా గీసుకుంటుంది. పొక్కులు లేస్తే మీకు చెప్పదు, షాపుకు పోతుంది. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట కనీసం ఏడు రోజులు బ్రతికి ఉండగలదు. ఒకరి బ్లేడు మరొకరు వాడటమంటే ఏమిటో ఇప్పుడు ఆలోచించండి. మద్దిలేటి స్వామి సన్నిధిలో తలనీలాలిచ్చేటప్పుడు కొత్త బ్లేడు వేయమని క్షురకుని అడుగుతాం కదా, ఇంట్లో కూతురికి ఆ జాగ్రత్త అక్కరలేదా?

గీస్తే వెంట్రుకలు మందంగా వస్తాయన్న భయం కూడా వదలండి. 1970లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఐదుగురు మగవారి ఒక కాలిని కొన్ని నెలలపాటు వారం వారం గీసి, రెండో కాలిని వదిలివేసి పోల్చారు. తేడా కనబడలేదు. తెగిన కొస మొద్దుగా ఉండటం వల్ల చేతికి గరుకుగా తగులుతుంది, అంతే.

తీసుకోదలచినవారు ఇలా చేయండి. స్నానం చివర, వెంట్రుకలు నాని మెత్తబడిన తరువాత, నురగ పట్టించి, మీ ఒక్కరికే చెందిన పదునైన బ్లేడుతో, వెంట్రుక వాలిన దిక్కుకే, నొక్కకుండా గీయండి. గీసినచోటే పదేపదే గీయవద్దు. చల్లని మంచినీటితో కడిగి, తువ్వాలుతో రుద్దకుండా అద్దండి. తడి పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజరుగాని, పెట్రోలియం జెల్లీగాని పలచగా రాయండి. నిమ్మరసం, స్పిరిట్, క్రిమిసంహారక ద్రావణాలు, సెంటు వద్దు. ఆ రోజు బిగుతు లెగ్గింగులు మాని వదులైన నూలు బట్టలు కట్టుకోండి. పొక్కులు లేస్తే గీయడం ఆపి, గోరువెచ్చని తడిగుడ్డ పదేసి నిమిషాలు ఉంచండి. చిదమవద్దు. ఎరుపు పాకుతున్నా, నొప్పి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా వెంటనే వైద్యుని చూడాలి. మధుమేహం ఉన్నవారు, కాళ్లలో స్పర్శ తగ్గినవారు, సిరలు ఉబ్బినవారు రేజరు జోలికే పోవద్దు. వారికి చిన్న గాటే పెద్ద పుండవుతుంది.

మీ ఇంట్లో ఉన్న ట్యూబును ఈ రోజే తీసి చూడండి. దాని మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అన్న పేర్లలో ఏదైనా ఉంటే అది స్టెరాయిడ్. చీటీ లేకుండా వచ్చినదైతే కొత్తగా పూయడం మొదలుపెట్టకండి. నెలల తరబడి వాడుతున్నవారు మాత్రం హఠాత్తుగా మానక, వైద్యుని సలహాతో మానండి. తల్లులారా, అమ్మాయి చేతిలో ఒక కొత్త బ్లేడు పెట్టి, పొక్కులొస్తే నాకు చెప్పమ్మా అనండి. ఆ ఒక్క మాట మా ఊరి అమ్మాయికి ఎవరైనా చెప్పి ఉంటే, ఆ చారలు ఆమె ఒంటి మీద జీవితాంతం ఉండేవి కావు.