కొలత తప్పితే జవాబు చెప్పేదెవరు?

2025 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వం మూడు వేల మందికి పైగా లైసెన్సుడు సర్వేయర్లకు లైసెన్సులు ఇచ్చింది. వీళ్ళు సర్కారు ఉద్యోగులు కారు. శిక్షణ తీసుకొని, పరీక్ష పాసై, రైతు దగ్గర ఫీజు తీసుకొని భూమి కొలిచే ప్రైవేటు వాళ్ళు. భూభారతి చట్టంలో రిజిస్ట్రేషన్‌కు సర్వే పటం జతపరచాలన్న నిబంధన ఉంది. అది పూర్తిగా అమలులోకి వస్తే ఎకరం అమ్మాలన్నా, అన్నదమ్ములు పంచుకోవాలన్నా ముందు పటం కావాలి. ఆ పటాల్లో ఎక్కువ భాగం గీసేది ఈ కొత్తవాళ్ళే. ఇది మంచిదా చెడ్డదా అని చాలామంది సభ్యులు అడుగుతున్నారు.

మంచిదో చెడ్డదో చెప్పేముందు, ఈ పరిస్థితి ఎందుకొచ్చిందో ఒప్పుకోవాలి. ఎఫ్‌లైన్‌కు దరఖాస్తు పెట్టి నెలల తరబడి తిరిగిన రైతు ప్రతి ఊళ్ళో ఉన్నాడు. మా దగ్గర ఒక్క సర్వేయర్ రెండు మండలాలు చూస్తాడు. ఆయన ఈ ఊరికొచ్చిన రోజు ఆ మండలంలో పని ఆగుతుంది. ఖాళీలు నింపకుండా ఏళ్ళకేళ్ళు నడిపించి, ఇప్పుడు సిబ్బంది లేరు కాబట్టి ప్రైవేటు అంటున్నారు. అయినా చదువుకున్న మన పిల్లలకు ఊళ్ళోనే పని దొరుకుతుందంటే వద్దనే మనసు నాకు లేదు. నా బాధ వేరే ఉంది. నాకు జరిగిందే చెప్తాను.

రెండేళ్ళ కింద మా అన్నదమ్ముల పంపకానికి పట్నం నుంచి ప్రైవేటు మనిషిని పిలిపించాం. రోవర్ మిషన్ తెచ్చాడు. గంటలో కొలిచి, రంగుల కాగితం చేతిలో పెట్టి, ఆరు వేలు తీసుకున్నాడు. పాసుపుస్తకంలో ఎకరం ఇరవై రెండు గుంటలుంటే, ఆయన లెక్కలో ఎకరం పదిహేడే తేలింది. ఐదు గుంటలు ఎక్కడికి పోయాయి? పక్క చేనాయన మీద అనుమానం, మాటామాటా. ఆయనా ఇంకో మిషన్ తెప్పించాడు. అందులో ఎకరం ఇరవై ఒకటి వచ్చింది. రెండు మిషన్లు, రెండు కాగితాలు, మధ్యలో మేము. చివరికి మండల సర్వేయర్ వచ్చి మొదట అడిగింది మిషన్ కాదు, టిప్పన్ నకలు. దాన్ని పట్టుకొని గెట్టు వెంట నడిచి తుమ్మ పొద కింద పాత రాయి చూపించాడు. మొదటి మనిషి బాట పక్కన కల్వర్టు కోసం ఎవరో పాతిన రాయిని హద్దురాయి అనుకొని అక్కడ నుంచి లెక్క మొదలుపెట్టాడు. ఐదు గుంటలు ఎటూ పోలేదు. పక్కాయనతో మాటలు కలవడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది. ఆ మొదటి మనిషికి ఫోన్ చేస్తే, "మిషన్ చూపించింది మేం ఇచ్చాం" అన్నాడు.

ఇక్కడే ఉంది అసలు సంగతి. మిషన్ తాను నిలబడ్డ చోటును సెంటీమీటర్ల తేడాతో చెప్పగలదు. నిలబడాల్సిన చోటు ఏదో దానికి తెలియదు. అది చెప్పేది టిప్పన్, పాత రాయి, ఇరుగు పొరుగు రైతులు. నిజాం కాలంలో 33 అడుగుల గొలుసుతో, అణాల లెక్కన కొలిచి రాసిన టిప్పన్లు మనవి. ఆ గొలుసు నాలుగు పక్కలా వేస్తే వచ్చేదే గుంట. ఆ కాగితాలు చాలాచోట్ల చినిగిపోయాయి. నక్షాలే లేని గ్రామాలు మన రాష్ట్రంలో నాలుగు వందలకు పైగా ఉన్నాయి.

డ్రోన్ సంగతీ అంతే. పైనుంచి అది చూసేది ఈరోజున్న గెట్టును. పక్కవాడు ఏటా నాగలి చాలు ఒకటి లోపలికి తోసుకుంటూ వచ్చిన గెట్టును కూడా అది హద్దుగానే గీస్తుంది. 330 అడుగుల గెట్టు 3.3 అడుగులు జరిగితే సరిగ్గా ఒక గుంట పోతుంది. ఆకాశం నుంచి చూస్తే అదొక సన్నని గీత.

ప్రైవేటు అంటే తప్పు, సర్కారు అంటే ఒప్పు అని కూడా నేననను. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్ళపాడులో రీసర్వే మొదలుపెట్టారు. సర్వే ఆఫ్ ఇండియా తోడుంది, సచివాలయాల్లో సర్వేయర్లున్నారు. అయినా విస్తీర్ణం తగ్గిందని, పలువురు రైతుల భూమి కలిపి ఒకే ఎల్‌పీఎం నంబరు వేశారని ఫిర్యాదులు కుప్పలుగా వచ్చాయి. 2024లో ప్రభుత్వం మారాక రీసర్వే జరిగిన ఊళ్ళలో మళ్ళీ గ్రామసభలు పెట్టాల్సి వచ్చింది. పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ వేయడంలో ఉన్న శ్రద్ధ లోపలి కొలతల మీద లేకపోయింది. టార్గెట్లు పెట్టి తరిమితే సర్కారు సర్వేయరైనా రైతును పిలవకుండానే గీత గీస్తాడు.

కానీ ఒక తేడా ఉంది. సర్కారు ఉద్యోగి తప్పు చేస్తే పోయి అడగడానికి ఒక ఆఫీసుంది. ప్రైవేటు చేతిలో పడితే ఏమవుతుందో ధరణిలో చూశాం. మన భూముల రికార్డు నడిపే పని ఒక ప్రైవేటు సంస్థకు ఇచ్చారు. ఆ సంస్థ వెనకున్న ఐఎల్ అండ్ ఎఫ్‌ఎస్ గ్రూపు 2018లోనే అప్పుల్లో కూలింది. తర్వాత వాటాలు చేతులు మారి విదేశీ యాజమాన్యం వచ్చింది. 2024 డిసెంబరులో ఎన్‌ఐసీకి అప్పగించేదాకా కథ అలాగే నడిచింది. పేరులో అక్షరం తప్పుపడి తహసీల్ ఆఫీసుకు పోతే ఏమన్నారో మీకు గుర్తుందా? "మా లాగిన్‌లో ఆప్షన్ లేదు." అది విని వెనక్కి వచ్చిన ముసలాయన ఎవరిని నిలదీయాలి?

1923 నాటి సర్వే, హద్దుల చట్టంలోనే కొలతకు ముందు నోటీసు, తర్వాత అప్పీలు, మూడేళ్ళలోపు సివిల్ కోర్టుకు పోయే దారి రాసిపెట్టారు. లైసెన్సుడు సర్వేయర్ గీసే పటానికి అంతకన్నా తక్కువ రక్షణ మనం ఒప్పుకోరాదు. చుట్టూ ఉన్న పట్టాదారులందరికీ తేదీతో నోటీసు ఇచ్చాకే మోకా మీదికి రావాలి. ఏ రాయి నుంచి మొదలుపెట్టాడో పటం మీద రాయాలి. కొలతల నకలు ఆ రోజే రైతు చేతికివ్వాలి. మండల సర్వేయర్ కుర్చీలో కూర్చొని సంతకం పెడితే సరిపోదు, కొన్ని పటాలనైనా చేలోకి వచ్చి సరిచూడాలి. ఫీజు ఎంతో గ్రామ పంచాయతీ బోర్డు మీద ఉండాలి. తప్పు తేలితే తిరిగి కొలిచే ఖర్చు రైతు నెత్తిన వేయొద్దు. భూముల కొనుగోళ్ళు, అమ్మకాల దందాలో ఉన్నవాళ్ళకు లైసెన్సు ఇవ్వొద్దు. ఊరి కొలతలన్నీ సర్కారు దగ్గరే ఉండాలి. ఎవరి చేను ఎక్కడ తగాదాలో ఉందో తెలిసిన కాగితం బ్రోకర్ జేబులోకి పోతే ఏం జరుగుతుందో హైదరాబాద్ చుట్టుపక్కల రైతులను అడగండి. వీటన్నింటికన్నా ముందు ఖాళీగా ఉన్న మండల సర్వేయర్ పోస్టులు నింపాలి.

ఈ డిమాండ్లతో మండల కమిటీలు తహసీల్దార్లకు వినతిపత్రాలు ఇవ్వాలి. సభ్యులు ఈలోగా తమ సర్వే నంబరు టిప్పన్ నకలుకు దరఖాస్తు పెట్టుకోండి. ఎండాకాలం దుక్కులు మొదలయ్యేలోపు ఊళ్ళోని పెద్దమనుషులను, పక్క చేలవాళ్ళను వెంటబెట్టుకొని గెట్టు వెంట ఒకసారి నడవండి. పొదల కింద, మట్టిలో కూరుకుపోయిన రాళ్ళను వెతికి సున్నం పూసి, ఫోటో తీసి పెట్టుకోండి. నక్షా లేని ఊరైతే ఆ సంగతి జిల్లా కమిటీకి తెలపండి.