గాజుతొట్టిలో మత్స్యన్యాయము



బలవంతుడు దుర్బలుని మ్రింగుటను మన పెద్దలు మత్స్యన్యాయమనిరి. దండనీతి లేనిచోట లోకమట్లగునని కౌటిల్యుడు అర్థశాస్త్రమునందు చెప్పెను. బాల్యమున తండ్రిగారియొద్ద ఆ మాట చదివినపుడు ఉపమానముగనే యెంచితిమి. గడచిన యేడు గట్టులోని మా యింటి చావడిలో, గాజుతొట్టియందు దానిని కన్నులార చూచితిమి. అయితే ఆ చేప ఆకలికై చంపలేదు, చోటుకై చంపినది. ఈ భేదము మాకు ముందు తెలియకపోవుటచే జరిగిన నష్టమును మీకు చెప్పుచున్నాము.

మా అమ్మాయి ముచ్చటపడగా మా వారు పట్టణమునందలి యొక అంగడినుండి ఆరు చిన్నచేపలను తెచ్చిరి. పసుపుపచ్చని మేనిపై నల్లని చారలు. గద్వాల చీర అంచువలె మెరయుచుండెను. ఆఫ్రికా చేపలని తప్ప అంగడివారు వేరేమియు చెప్పలేదు. తొట్టి పొడవు 2 అడుగులు, వెడల్పును ఎత్తును ఒక్కొక్క అడుగు. పట్టు నీరు సుమారు 56 లీటర్లు.

కొన్ని నెలలకు వానిలో నొకటి రంగు మారి నల్లబడెను. అది మొదలు తొట్టి యంతయు దానిదే. సూదిమొన మోపినంత నేలనైన నీయనన్న సుయోధనునివలె తక్కినవానిని మూలమూలలకు తరిమి, రెక్కలు చింపెను. నెల తిరుగకముందే మూడు చచ్చినవి. మిగిలినవానిలో నొక ఆడుచేప గొంతు ఉబ్బి, మేత ముట్టక, ఫిల్టరు గొట్టము వెనుక నక్కియుండెను. రోగమనుకొని నీటిలో ఉప్పు వేసితిమి. మూడవనాడు అదియు చచ్చెను. తీయబోగా దాని నోటినుండి గ్రుడ్లు రాలినవి. అది రోగము కాదు, గర్భభారమువంటిదే. అమ్మాయి ఆ రాత్రి అన్నము తినలేదు.

పిమ్మట తెలిసినవారి నడిగియు, చదివియు గ్రహించిన విషయమిది. ఆ చేప పేరు మెలనోక్రోమిస్ ఆరాటస్. సిక్లిడ్ జాతిలో మిక్కిలి కోపిష్ఠి. పిన్నవయసున ఆడుమగలు రెండును పసుపువన్నెవే. పెరిగి పెత్తనము వహించిన మగచేప నల్లబడును. వీని పుట్టిల్లు తూర్పు ఆఫ్రికాలోని మలావి సరస్సు. దాని పొడవు 500 కిలోమీటర్లకు మించినది; అందలి యొక భాగము 1984లో ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందెను. అచట రాతిసందులలో బ్రతుకు చేపలను ఎంబునా లందురు. ప్రతి మగచేపయు నొక సందును తనదిగా భావించి కాచుకొనును. సరస్సులో ఓడిన చేప ఈదుకొని పోవును. గాజుతొట్టిలో దానికి పోవుటకు చోటేది? కనుక తప్పు చేపది కాదు, ఇల్లు కట్టిన మనది. చక్కదిద్దవలసినదియు ఇంటినే.

మొదటిది తొట్టి. ఎత్తుకంటె పొడవు ముఖ్యము. 4 అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు, అంతే ఎత్తుగల తొట్టి సుమారు 255 లీటర్లు పట్టును. ఎంబునాలకు ఇంతకు తక్కువ పనికిరాదు.

రెండవది సంఖ్య. ఇచట మన బుద్ధికి విపరీతముగ తోచు మాట యొకటి కలదు. రెండు మూడు చేపలున్న తొట్టిలో ఓడినదానికి చావు తప్పదు. ఇంత తొట్టిలో 15 మొదలు 20 వరకున్నచో కోపము పలువురిపై పంచుకొనిపోయి యెవరికిని ప్రాణాంతకము కాదు. అన్నిటిని పిల్లలుగనే, ఒక్కమారే విడువవలెను. ఒక మగచేపకు మూడైనను ఆడుచేపలుండవలెను. ఒకే వన్నెగల రెండు జాతులను కలుపరాదు. క్రొత్తవారు ఆరాటస్‌ను మాని, సాధుతరమైన పసుపు ల్యాబిడోక్రోమిస్‌ను తెచ్చుకొనుట మేలు. గోల్డ్‌ఫిష్‌ను, గప్పీలను వీనితో ఉంచుట వానిని బలియిచ్చుటయే.

మూడవది శుభ్రత. జనము పెరిగిన మలినము పెరుగును. కావున తొట్టికి చాలుననెడు ఫిల్టరుకంటె రెట్టింపు శక్తిగలది కావలెను. మలినమునుండి పుట్టు అమ్మోనియాను హరించు సూక్ష్మజీవులు నెలకొనుటకు నాలుగారు వారములు పట్టును. అంతవరకు చేపల గుంపును తేరాదు. వారమునకొకమారు నాల్గవవంతు నీరు మార్చవలెను. ఎంబునాలు రాతిపై పాచి తినునవి; మాంసపుమేత కడుపుబ్బు తెచ్చును.

నాల్గవది రాళ్లు. వీనికి మా గట్టులో కొదువ లేదు. సబ్బు తగులనీయక కడిగి, ముందు రాళ్లను పేర్చి పిదప ఇసుక పోయవలెను. ఇసుకపై పేర్చినచో చేపలు త్రవ్వి కూలద్రోయును. మగచేపలకంటె గుహలు ఎక్కువగ నుండవలెను. క్రొత్త చేపను విడుచునపుడు రాళ్లనన్నిటిని మార్చి పేర్చి, దీపమార్పవలెను. అపుడు పాతకాపుల హక్కులన్నియు చెల్లిపోయి, అందరును క్రొత్తవారే యగుదురు.

నీటివిషయమున మాకు మేలే జరిగినది. గిన్నెలకు తెల్లని పొర కట్టు మా బోరునీటి గరుకుతనము ఈ చేపలకు హితము. ఐనను పీహెచ్ 7.8 మొదలు 8.6 వరకున్నదో లేదో పరీక్షించియే వాడుచున్నాము.

ఇక తల్లిచేప. అది సుమారు మూడు వారములు గ్రుడ్లను, పిల్లలను నోటనే మోయుచు దాదాపు ఉపవాసముండును. గొంతు ఉబ్బి మేత మానినచో రోగమని భ్రమింపక, వేరొక చిన్నతొట్టికి మెల్లగా మార్చవలెను. పిల్లలను విడిచిన పిమ్మట కొన్నినాళ్లు మేపి, బలము వచ్చిన తరువాతనే గుంపులో చేర్చవలెను.

ఆ నల్లచేపను జూరాల జలాశయములో విడువుమని పొరుగింటి అత్తయ్య సలహా చెప్పెను. మేము సమ్మతింపలేదు. మనవారు జిలేబీ యను తిలాపియాయు ఆఫ్రికా సిక్లిడే. 1952లో మనదేశమునకు తెచ్చినది నేడు చెరువుచెరువునను నిండి, స్థానిక చేపల చోటు నాక్రమించుచున్నది. కావున అంగడివారికే దానిని తిరిగి యిచ్చితిమి.

ఇప్పుడు పెద్దతొట్టిలో పదునెనిమిది చేపలు కాపురమున్నవి. తగవులు లేవనము, చావులు లేవు. మొన్నటి మాసమున నొక తల్లి వేరుతొట్టిలో పదునొకండు పిల్లలను విడిచెను. అమ్మాయి లెక్కించి లెక్కించి పలకపై వ్రాసికొన్నది.

వచ్చు సంచికలో వేసవియెండలకు తొట్టినీరు వేడెక్కకుండ చేయు ఉపాయములను వ్రాయుదుము.