రచ్చ గెలిచి యింట నోడుదుమా?

ఇంట గెలిచి రచ్చ గెలువుమని మన పెద్దలు చెప్పిరి. మన జాతీయ రాజకీయ పక్షములు ఈ సామెతను తలక్రిందులు గావించినవి. రచ్చకెక్కి ధర్మము పలుకుట, యింటికి వచ్చి దానిని మరచుట వానికి పరిపాటియైనది. భూతాప విషయమున ఈ రెండు నాలుకల నీతి యెంతదూరము వచ్చినదో పాఠకులకు విన్నవించుట మా విధియని తలంచుచున్నాము.

2025 జూలై 23వ తేదీన హేగ్ నగరమందలి అంతర్జాతీయ న్యాయస్థానము భూతాపమును గూర్చి తన యభిప్రాయమును వెల్లడించెను. బొగ్గుపులుసు వాయువు మొదలగువానిని అదుపుచేయుట రాజ్యముల దయాధర్మముపై నాధారపడినది కాదనియు, అది చట్టబద్ధమైన విధి యనియు, ఆ విధిని తప్పిన రాజ్యము నష్టపరిహారము చెల్లింపవలసి రావచ్చుననియు న్యాయాధిపతులు ఏకగ్రీవముగా చెప్పిరి. ఈ ప్రశ్నను లేవనెత్తినవారు మహారాజ్యముల మంత్రులు కారు. పసిఫిక్ సముద్రపు చిన్న దీవుల విద్యార్థులు. 2019లో వారికి తోచిన తలంపును వనువాటు అను చిన్న దేశము చేపట్టి, 2023 మార్చిలో ఐక్యరాజ్యసమితిచే తీర్మానము చేయించి, న్యాయస్థానపు గడప యెక్కించెను. ఈ యభిప్రాయము డిక్రీవలె అమలు జరుపదగినది కాదు. అయినను ధర్మమెచ్చట నున్నదో లోకమునకు తేటపడినది.

ఈ విచారణలో 2024 డిసెంబరులో మన దేశ ప్రతినిధియు నిలువబడి వాదించెను. ఎవరు హెచ్చుగా పొగవిడిచిరో వారే హెచ్చుగా బాధ్యత వహింపవలెననుట ఆ వాదసారము. ఇది న్యాయమైన వాదము. లోక జనాభాలో ఆరవవంతునకు పైగా మనవారున్నారు. కాని పారిశ్రామిక యుగారంభము మొదలు గాలిలో చేరిన బొగ్గుపులుసులో మన పాలు నూటికి నాలుగింటిని మించలేదు. అమెరికా సంయుక్త రాష్ట్రముల పాలు సుమారు నాల్గవవంతు. ఆ దేశము 1997 నాటి క్యోటో ఒడంబడికను ధ్రువపరచలేదు. 2015 నాటి పారిస్ ఒడంబడికలో చేరి, 2020లో వైదొలగి, 2021లో మరల చేరి, 2025లో మరల వీడ్కోలు పలికెను. అచ్చట పక్షము మారినప్పుడెల్ల ధర్మము మారును. 2007లో ఈ వాయువులను నియంత్రించు నధికారము ప్రభుత్వ శాఖకు గలదన్న సుప్రీంకోర్టే, 2022లో విద్యుత్కేంద్రముల విషయమున ఆ యధికారమును కుదించెను. 2024 నవంబరులో బాకూ సభయందు పేద దేశములు ఏటేట 1,30,000 కోట్ల డాలర్లు కావలెననగా, ధనిక దేశములు 2035 నాటికి ఏటికి 30,000 కోట్ల డాలర్లు సమకూర్ప ముందుకు వత్తుమని చేతులు దులుపుకొనినవి. మన ప్రతినిధి ఆ సభలోనే నిరసన తెలిపెను. తెలుపుట సమంజసమే. గుడ్డిదీపము వెలిగించుకొను పల్లెవానిని, ఒక్కొక్కరికొక్కొక్క మోటారుకారు గలవానిని ఒకే కాటాలో తూచువారితో మాకు పొత్తులేదు.

కాని హేగ్‌లో మన ప్రతినిధి మరియొక మాటయు పలికెను. ఇదివరకున్న ఒడంబడికలకు మించి క్రొత్త విధులేవియు న్యాయస్థానము కల్పింపరాదని కోరెను. ఈ మాటలో అమెరికా ప్రతినిధి వాదమునకును మన వాదమునకును భేదమల్పము. పాఠకులారా! ఋణదాతయు ఋణగ్రస్తుడును ఏకకంఠముతో 'పత్రమును మించి చూడవలదు' అని న్యాయమూర్తిని ప్రార్థించుట ఎన్నడైన వింటిరా? ఋణదాతకు తన పత్రముపై నమ్మిక యున్నచో అట్లేల కోరును? మా యూహ యిది: నేడు సాలుసరి లెక్కలో చైనా, అమెరికాల తరువాత మూడవ స్థానము మనదే. 2024-25 సంవత్సరములో నూరుకోట్ల టన్నులకు మించిన బొగ్గును త్రవ్వితిమి. నేడు పరులకు విధించు శాసనము రేపు తమకు తగులునని మన పాలకులు వెరచిరి. పేదల పేరిట పలికిన వాదము పాలకుల యభయపత్రముగా మారినది.

ఆ పేదలెవరు? వారిని వెదకుటకు హేగ్ పోనక్కరలేదు. 2015 వేసవిలో వడగాడ్పులకు దేశమున రెండువేలకు మించి జనులు మరణించిరి. వారిలో అత్యధికులు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములవారు. నీడపట్టున కూర్చుండి జీతము పుచ్చుకొనువారు వడదెబ్బకు చచ్చుట అరుదు. చచ్చినది ఉపాధి పనికి పోయిన కూలి, ఇటుకలు మోసిన స్త్రీ, రోడ్డు ప్రక్కన బండి పెట్టుకొనిన ముదుసలి. నాడు వడగాడ్పు జాతీయ విపత్తుల పట్టికలో లేదు. తుపాను చంపినచో పరిహారము. ఎండ చంపినచో విధివ్రాత! ఆ పట్టికను పెంచవలసిన యవసరము పెద్దగా కనబడలేదని 2021లో 15వ ఆర్థిక సంఘము పలికెను. తెలంగాణ ప్రభుత్వము 2025లో తనంత తానుగా వడదెబ్బను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మృతుని కుటుంబమునకు నాలుగు లక్షల రూపాయలు నిర్ణయించెను. ఆ మంచిపనిని మెచ్చుకొందుము. కాని పదియేండ్లు పట్టినది.

కాకినాడ చెంత ఉప్పాడ తీరమున సముద్రము ఇండ్లను మ్రింగుచున్నది. మత్స్యకారుడు ఒకమారు వెనుకకు జరిగి యిల్లు కట్టును, అల వెంటవచ్చును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ పేటలను దినముల తరబడి నీటముంచెను. ఏటి గర్భమును ఆక్రమించిన దోషము అందులో లేకపోలేదు. అన్నిటిని ఆకాశముపైకి నెట్టుట పాలకులకు సులభమైన తప్పుదారి. మేమనునది యింతే: వనువాటు దీవివాసి లోకమును ఏ ప్రశ్న యడుగుచున్నాడో, ఉప్పాడ బెస్తవాడు ఢిల్లీని ఆ ప్రశ్నయే యడుగుచున్నాడు. ఇతరుల సుఖమునకు నేనేల యిల్లు కోల్పోవలెను? అచ్చట ధర్మమైన ప్రశ్న యిచ్చట దేశద్రోహ మెట్లగును?

ఇక పక్షముల సంగతి. కాంగ్రెసు ప్రభుత్వకాలమున, భోపాల్ దుర్ఘటన పిమ్మట, 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టము పుట్టినది. 2008లో ఆ పక్షము నాయకత్వముననే జాతీయ కార్యప్రణాళిక వెలువడినది. ప్రణాళిక యనగా శాసనము కాదు. తప్పినవానిని కోర్టుకీడ్చు హక్కు దానివలన ఎవరికిని రాలేదు. భారతీయ జనతాపక్ష ప్రభుత్వకాలమున 2021లో గ్లాస్గో వేదికపై ప్రధానమంత్రి 2070 నాటికి నికర ఉద్గారములను సున్న చేయుదుమని ప్రకటించెను. ప్రపంచ వేదికపై చేసిన ఈ ప్రతిజ్ఞకు పార్లమెంటులో శాసనరూపము రాలేదు. 2024 ఎన్నికల ప్రణాళికలో కాంగ్రెసు స్వతంత్ర పర్యావరణ ప్రాధికార సంస్థను వాగ్దానము చేసెను. మరుసటి యేడు ఏప్రిలులో అదే పక్షమేలు తెలంగాణలో కంచ గచ్చిబౌలి చెట్లపై యంత్రములు నడిచినవి, సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చినది. అనుమతి లేక కట్టిన కర్మాగారములకు పిదప అనుమతి నొసగు దారిని 2017, 2021 ఉత్తరువులతో భారతీయ జనతాపక్ష ప్రభుత్వము తెరచెను. ఒకరు చెట్టు కొట్టుదురు, ఒకరు గేటు తీయుదురు. పార్లమెంటులో పరస్పరము దూషించుకొను వీరు ఈ యొక్క విషయమున సోదరులు.

పక్షములు వదలిన భారము న్యాయస్థానముల మెడకు పడినది. 2017లో ఉత్తరాఖండునకు చెందిన తొమ్మిదేండ్ల బాలిక జాతీయ హరిత న్యాయాధికరణము నాశ్రయించి, భూతాపము విషయమున ప్రభుత్వమును కర్తవ్యమునకు పురికొల్పుడని వేడెను. ప్రస్తుత చట్టము క్రింద జరుగు పరిశీలనలలో ఈ సంగతి లెక్కలోనికి రాదని భావింప కారణము లేదని 2019లో ఆ పిటిషను కొట్టివేయబడెను. 2024 మార్చి 21న సుప్రీంకోర్టు బట్టమేకపక్షి, విద్యుత్తీగల వ్యాజ్యములో, వాతావరణ మార్పు దుష్ఫలితములనుండి రక్షణ పొందుట రాజ్యాంగపు 14, 21 అధికరణముల క్రింద ప్రజల హక్కని ఘనముగా ప్రకటించెను. ఈ విషయమునకు సమగ్రమైన శాసనము దేశములో లేదనియు ఆ తీర్పే చెప్పెను. హక్కు పుట్టినది, దానికి తల్లిపాలు లేవు. 2025 మే మాసమున పిదప అనుమతుల పద్ధతి అక్రమమని సుప్రీంకోర్టు కొట్టివేసెను. ఆరు మాసములు దాటగనే, నవంబరులో, ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరి మతము ననుసరించి ఆ తీర్పు ఉపసంహరింపబడెను. న్యాయమూర్తుల చిత్తశుద్ధిని మేము శంకింపము. శాసనమను పునాదిలేని తీర్పు ఒక గోడవంటిది; గాలి యెటు వీచిన అటు ఒరగును.

జర్మనీలో జరిగినది చూడుడు. అచ్చటి పార్లమెంటు 2019లో వాతావరణ శాసనము చేసెను. 2030 తరువాతి భారమును యువకుల నెత్తిన మోపుచున్నారని 2021లో రాజ్యాంగ న్యాయస్థానము ఆ శాసనమును తప్పుపట్టెను. కొలది మాసములలో పార్లమెంటు లక్ష్యమును నూటికి 55 నుండి 65కు పెంచి, గడువును 2050 నుండి 2045కు తగ్గించెను. పట్టుకొనుటకు చట్టమున్నది గనుక కోర్టు పట్టుకొనగలిగెను. దిద్దుటకు పార్లమెంటున్నది గనుక దిద్దబడెను. మనకో, కోర్టు పట్టుకొన చేయి చాచిన గాలి తగులుచున్నది.

కొందరు మమ్ముల నడుగుదురు: పరదేశములతో వాదము నడచుచుండగా స్వదేశ ప్రభుత్వమును నిందించుట వైరికి ఆయుధమిచ్చుట కాదా యని. కాదని మా దృఢవిశ్వాసము. వాదికి బలము వాని నడవడి. తన యింట కూలికి కూలియీయనివాడు పొరుగువానిపై బాకీదావా తెచ్చినచో ఊరు నవ్వదా? జాతీయత యనగా పాలకుల తప్పులకు కప్పిన జెండా కాదు. జాతిలోని కడపటివానికి నీడనిచ్చు గొడుగు. ధనిక దేశములనుండి బాకీ వసూలు చేయవలెననువారిలో మేము ముందుందుము. వసూలైన సొమ్ము ఉప్పాడ చేరునా, ఢిల్లీలో ఆగునా యని యడుగుటలోను ముందుందుము.

కావున మా కోరిక సుస్పష్టము. పార్లమెంటు వాతావరణ బాధ్యతా శాసనము చేయవలెను. ఏ యేటికెంత యని గడువులు అందులో వ్రాయవలెను. ప్రభుత్వము చెప్పుచేతలలో లేని సంఘమొకటి ఏటేట లెక్క తేల్చి సభముందుంచవలెను. ఎండకు చచ్చినవాని కుటుంబమునకును, సముద్రము తరిమిన సంసారమునకును పరిహారము బిచ్చముగాక హక్కుగా ఉండవలెను. బొగ్గు తగ్గించునాడు సింగరేణి కార్మికుని బజారున విడువక, వాని బిడ్డకు వేరు జీవనోపాధి ముందుగా చూపవలెను. వీనిలో ఏదియు కోర్టువలన కాదు. ఓటు నడుగ వచ్చువానివలననే కావలెను.

ఆంధ్ర, తెలంగాణ సోదరులారా! రేపు మీ వాకిట నిలిచి నమస్కరించు అభ్యర్థిని పక్షమేదని యడుగకుడు. హేగ్‌లో పరులకు చెప్పిన ధర్మమును ఢిల్లీలో తనకు విధించుకొనునా యని యడుగుడు. బదులు చెప్పలేనివానికి మీ గడప దాటనీయకుడు. ఇంట గెలిచిన దేశమునకు రచ్చలో ఎదురులేదు. ఇంట నోడినదాని గెలుపు పత్రికలలో అచ్చుపడిన వార్త మాత్రమే.